మా పాత మెస్సీకి ఎన్ని నాగళ్లు? – రేగడి దుక్కి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 6

నాన్న 1998లో కొన్న మెస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్ ఇప్పటికీ మా ఇంటి బండే. 36 హెచ్‌పీ, మూడు సిలిండర్లు. తాండూరు దగ్గర మాకు ఆరెకరాల నల్లరేగడి, రెండెకరాల ఎర్ర చెలక ఉన్నాయి. రేగడిలో కంది, చెలకలో ఏటికో పంట.

రెండేళ్ల కింద తొమ్మిది నాగళ్ల కల్టివేటర్, అంటే బండి వెనక తగిలించి దున్నే పనిముట్టు, కొన్నాం. "35 దాటిన బండికి తొమ్మిదే వెయ్యాలి" అని అమ్మినాయన చెప్పాడు, మేమూ సరే అన్నాం. చెలకలో అది బాగానే నడిచింది. రేగడిలోకి దిగేసరికి మాత్రం బండి ఏడ్చింది. నల్ల పొగ, నిలబడ్డ చోటే తిరిగే టైర్లు. పోయిన మేలో రెండో ఎకరం సగంలో ఉండగా క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. బండిని రెండుగా విడదీసి కొత్త ప్లేట్లు వెయ్యడానికి ఎనిమిది వేలయ్యింది. అదనుకు బండి షెడ్డులో ఉండటం డబ్బుకంటే పెద్ద నష్టం.

ఊర్లో అందరూ చెప్పేది ఒకటే, "బండి ముసలిదైంది, మార్చెయ్". నాకు ఆ మాట నచ్చలేదు. బండి ఎంత లాగగలదో, మా నేలలో కల్టివేటర్ ఎంత బరువు అడుగుతుందో ఎవరూ కొలవలేదు. ఈ ఎండాకాలం దుక్కుల్లో రెండూ కొలుస్తాను. అంకెలు చూసి అప్పుడు నిర్ణయం.

ఏప్రిల్ 9

ఇవాళ కాగితం మీద లెక్క.

ఇంజన్ 36 హెచ్‌పీ అంటే నాగలి దగ్గర 36 ఉండదు. ఒక్కో మెట్టుకు 0.86తో గుణిస్తూ పోవడం పాత ఉజ్జాయింపు పద్ధతి. పీటీఓ (బండి వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు) దగ్గరికి వచ్చేసరికి 31. గట్టి రోడ్డు మీద లాగడానికి దొరికేది 26.6. గట్టి పొలంలో 23. దున్నిన మెత్తటి నేలలో 20 లోపు. పాత ఇంజన్ కాబట్టి ఇంకా కొంత తీసెయ్యాలి. అయినా 20 అనుకుందాం.

హెచ్‌పీని లాగుడు బరువుగా మార్చాలంటే 75తో గుణించి, సెకనుకు ఎన్ని మీటర్లు పోతున్నామో ఆ అంకెతో భాగించాలి. గంటకు 5 కిలోమీటర్లంటే సెకనుకు 1.39 మీటర్లు. 20 × 75 ÷ 1.39 = సుమారు 1,080 కిలోలు.

ఇది ఇంజన్ చెప్పే లెక్క. టైరు లెక్క వేరే. ఇంజన్‌లో ఎంత దమ్మున్నా నేలను పట్టుకునేది వెనక టైర్లే. మా బండికి ముందు చక్రాల డ్రైవ్ లేదు. ఇలాంటి బండి పొలంలో మరీ జారకుండా లాగేది వెనక చక్రాల మీద పడే బరువులో దాదాపు సగం. ఆ బరువు తెలియాలంటే ధర్మకాంటకు పోవాలి.

ఏప్రిల్ 11

ధర్మకాంట మీద బండి మొత్తం, డీజిల్, నాతో కలిపి 1,790 కిలోలు. వెనక చక్రాలు మాత్రమే కాంటా మీద పెడితే 1,130. కల్టివేటర్ విడిగా 240.

దున్నేటప్పుడు కల్టివేటర్ బరువులో కొంత, ముందు చక్రాల మీది బరువులో కొంత వెనక్కి వస్తాయి. అంతా కలిపి వెనక 1,400 అనుకుంటే, దాంట్లో సగం 700.

ఇంజన్ 1,080 అంటోంది, టైరు 700 అంటోంది. రెండిట్లో చిన్నదే మన హద్దు. ఇన్నాళ్లూ మేము హెచ్‌పీ చూసి కల్టివేటర్ కొన్నామే తప్ప, టైరు మీద బరువు ఎంతని ఎవరం అడగలేదు.

వెనక టైర్లలో గాలి చూశాను, 22 పాయింట్లు (పీఎస్‌ఐ) ఉంది. ట్రాలీ లాగినప్పుడు కొట్టించి అలాగే వదిలేశాం. ట్రాలీ లేకుండా పొలం పనికి 12 నుంచి 14 చాలు. గాలి ఎక్కువైతే టైరు నేలను నడిమి భాగంతోనే తాకుతుంది. 13కి తగ్గించాను.

ఏప్రిల్ 15

పదమూడున మంచి వాన పడింది. చెలక తొందరగా ఆరుతుంది కాబట్టి ముందు అక్కడ జారుడు, అంటే టైరు ముందుకు పోకుండా ఎంత ఊరికే తిరుగుతోందో, కొలిచాను. దీనికి సుద్దముక్క, టేపు, రెండు మేకులు చాలు. వెనక టైరు పక్కన సుద్దతో పెద్ద గీత గీశాను. కల్టివేటర్ పైకెత్తి, గీత కిందికి వచ్చిన చోట ఒక మేకు, టైరు సరిగ్గా పది చుట్లు తిరిగాక ఇంకో మేకు. మధ్య దూరం 38.4 మీటర్లు. తర్వాత కల్టివేటర్ దించి, అదే గేరులో, అదే చేనులో మళ్లీ పది చుట్లు. 34.6 మీటర్లు వచ్చింది.

తేడా 3.8. దాన్ని 38.4తో భాగిస్తే దాదాపు 10 శాతం. ఇలాంటి బండికి 10 నుంచి 15 మధ్య ఉంటే మంచిది. అసలు జారకపోతే బండికి సరిపడా పని లేదని అర్థం. 20 దాటితే డీజిల్, టైరు రెండూ నేలపాలు.

చిన్నాన్న బండి నడిపాడు, నేను చుట్లు లెక్కపెడుతూ పక్కన నడిచాను. ఏడో చుట్టు దగ్గర ఒకసారి లెక్క తప్పింది, మళ్లీ మొదటి నుంచి చేశాం. ఇద్దరు ఉంటే తప్ప ఈ పని కుదరదు.

ఏప్రిల్ 18

రేగడి ఇవాళ్టికి పదునుకు వచ్చింది. పిడికిట్లో పట్టి పిసికితే ముద్ద అవుతోంది, చేతికి అంటడం లేదు. ఇంకో మూడు రోజులాగితే నెర్రెలిచ్చి రాయిలా మారుతుంది. మా రేగడికి ఆ నాలుగైదు రోజులే గడువు.

ఖాళీగా పది చుట్లకు 38.0 మీటర్లు. తొమ్మిది నాగళ్లు 15 సెంటీమీటర్ల లోతుకు దించి పది చుట్లు: 29.4 మీటర్లు. జారుడు 22.6 శాతం.

ఈ అంకె చూశాక బండి వెనకాల వంగి నేలను చూశాను. చెలకలో టైరు గుబ్బల అచ్చు వేలితో తడిమేంత స్పష్టంగా పడింది. ఇక్కడ అచ్చే లేదు. గుబ్బలు మట్టిని కోసి వెనక్కి తోసేసినట్టు నున్నటి మెరుపు చార పడి ఉంది, ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఆ చార కింద నేల గట్టిపడుతుంది. దున్నుతూనే కింద పొర బిగిస్తున్నామన్నమాట. బండి బాధ కంటే ఇదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

పైగా ‘లో’ (నెమ్మది) వరసలోని మూడో గేరులో ఇంజన్ కుంగిపోతోంది. లో రెండుకు దించితేనే నడిచింది. 50 మీటర్లకు సరిగ్గా నిమిషం, అంటే గంటకు 3 కిలోమీటర్లు.

ఏప్రిల్ 19

ఈ ప్రాజెక్టులో నేను ఎదురుచూసిన రోజు ఇదే. లాగుడు బరువు నేరుగా కొలవడం.

పద్ధతి పాతదే, ట్రాక్టర్ పనిముట్లను పరీక్షించేవాళ్లు వాడేది. మన బండిని న్యూట్రల్‌లో పెట్టి, ముందు ఇంకో ట్రాక్టర్ కట్టి లాగించాలి. రెండు బండ్ల మధ్య గొలుసులో తూకం. కల్టివేటర్ నేలలో ఉన్నప్పుడు ఎంత చూపిస్తే అందులోంచి, కల్టివేటర్ ఎత్తి లాగినప్పుడు చూపించింది తీసెయ్యాలి. మిగిలిందే కల్టివేటర్ లాగుడు.

తూకం తాండూరులో పాత ఇనుము దుకాణం నుంచి తెచ్చాను. కొక్కేనికి వేలాడదీసే డిజిటల్ తూకం, 3 టన్నులది. పక్క చేను మామ తన 50 హెచ్‌పీ బండి తెచ్చాడు. "నీ బండిని నేను గుంజుడేందిరా?" అన్నాడు కానీ మొదటి అంకె చూశాక తనే ముందు నిలబడి అన్నీ చేయించాడు.

ఈ పని చేసేవాళ్లు జాగ్రత్తలు వినండి. గొలుసు ముందు బండి కింది హుక్కుకే కట్టాలి. టాప్ లింక్ (పనిముట్టును పైనుంచి పట్టుకునే కడ్డీ) దగ్గరో, యాక్సిల్ పైనో కడితే ముందు బండి మూతి లేచి వెనక్కి పడే ప్రమాదం ఉంది. గొలుసు నేలకు సమానంగా ఉండాలి, ఏటవాలుగా ఉంటే అంకె తప్పు చూపిస్తుంది. గొలుసు దగ్గర మనిషి ఉండకూడదు, తెగితే కాళ్లు పోతాయి. మాది కాటన్ బేళ్లు ఎత్తే గొలుసు, అయినా అందరినీ దూరం నిలబెట్టాం.

తూకం అంకెలు ఒక్కచోట నిలవవు, 900 నుంచి 1,150 దాకా ఎగురుతుంటాయి. అందుకే మా బండి ముందు బంపర్‌కు ఫోన్ కట్టి తూకాన్ని వీడియో తీశాను. రాత్రి ఇంట్లో వీడియో ఆపుతూ ఆపుతూ ఒక్కో పరుగుకు ముప్పై అంకెలు రాసుకుని సగటు తీశాను.

కల్టివేటర్ ఎత్తి లాగితే 165. తొమ్మిది నాగళ్లు 15 సెంటీమీటర్లలో 1,005. అంటే కల్టివేటర్ వంతు 840 కిలోలు. టైరు హద్దు 700 అని కాగితం మీద అనుకున్నది ఇక్కడే నిజమైంది. 22 శాతం జారుడు ఎందుకొచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

అక్కడే స్పానర్లు తీసి చివరి రెండు నాగళ్లు, అటొకటి ఇటొకటి, విప్పేశాం. ఏడు నాగళ్లకు 815, ఎత్తి లాగిన 165 తీసేస్తే 650. ఇంకో రెండు విప్పి ఐదుతో చూస్తే 470. ఎటు చూసినా ఒక్కో నాగలికి 93 కిలోలు పడుతోంది. ఇంత సరిగ్గా కలుస్తుందనుకోలేదు. చిన్నాన్నకు ఫోన్‌లో చూపిస్తే, "నాగలికి మనిషి బరువు కంటె ఎక్కువే గదరా" అన్నాడు. ఆ మాటే ఇక్కడ రాసుకోవాలనిపించింది.

సాయంత్రం తొమ్మిదీ మళ్లీ బిగించి రెండు పరుగులు. రేగడిలోనే లోతు 10 సెంటీమీటర్లకు తగ్గిస్తే 575 చాలు. చెలకలో 12 సెంటీమీటర్ల లోతుకు 445, నాగలికి 49. అంటే అదే కల్టివేటర్, అదే ఊరు, గెట్టు దాటితే ఒక్కో నాగలి దాదాపు రెట్టింపు బరువు. "35 హెచ్‌పీకి తొమ్మిది" అన్న మాట చెలక వాళ్లకు నిజం, రేగడి వాళ్లకు కాదు.

చీకటి పడేముందు రెండూ విప్పి, ఏడుతో సుద్ద గీత పరీక్ష కూడా చేసేశాం. పది చుట్లకు 32.8 మీటర్లు, 13.7 శాతం. గుబ్బల అచ్చు నేలమీద పడుతోంది.

ఏప్రిల్ 21

ఏడు నాగళ్లతో ఒక చిక్కు బయటపడింది. నాగలికీ నాగలికీ మధ్య 22.5 సెంటీమీటర్లు. చివరి రెండూ తీసేస్తే ఈ చివర నుంచి ఆ చివరకు 135 మాత్రమే. మా వెనక టైర్ల బయటి అంచుల మధ్య 163 ఉంది. అంటే టైరు తొక్కిన దాంట్లో బయటి సగం నాగలి పడకుండా మిగిలిపోతోంది. చేను మీద రెండు గట్టి చారలు కంటికే కనిపించాయి. నాన్న చూసి, "గిట్లయితే కంది ఏరు దిగుతదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న.

నాగళ్లన్నీ ఫ్రేమ్ మీద క్లాంపులతో ఉంటాయి, వదులు చేసి జరపొచ్చు. మధ్య దూరం 25 చేశాను. ముందు వరుసలో మూడు, వెనక వరుసలో నాలుగు. నడిమి నాగలి బండి నడిమి గీత మీదే ఉండేలా తాడు కట్టి చూసుకున్నాను, లేకపోతే బండి ఒక పక్కకు గుంజుతుంది. ఇప్పుడు చివరి నుంచి చివరికి 150.

ఏప్రిల్ 23

మిగతా తేడా టైర్ల వైపు నుంచి తగ్గించాలి. ఈ బండికి వెనక రిమ్ములు నాలుగంగుళాల మెట్లుగా లోపలికి, బయటికి మార్చుకోవచ్చు. పుస్తకంలో ఉంది, పాతికేళ్లలో మేమెప్పుడూ చెయ్యలేదు. బోల్టులు తుప్పు పట్టి పొద్దంతా పట్టింది. కిరోసిన్ పోసి గంట ఆగి, పైపు తగిలించి విప్పాం. జాకీ కింద చెక్క దిమ్మెలు వేశాం, ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టాం. ఇద్దరం పట్టుకుంటేగానీ టైరు కదలలేదు.

టైరు మధ్య నుంచి టైరు మధ్యకు 132 ఉండేది, 122 అయ్యింది. బయటి అంచులు ఇప్పుడు 153. చివరి నాగళ్లు 150. టైరు తొక్కిన ప్రతి చోటా వెనకాలే కర్రు పడుతోంది. బండి వెడల్పు తగ్గింది కాబట్టి గెట్ల మీద, ఏటవాలులో నెమ్మదిగా నడపాలని చిన్నాన్నకు గట్టిగా చెప్పాను.

మే 6

మొన్నటి వానకు రేగడి మళ్లీ పదునైంది. ఇవాళ నాన్నకు చూపించే పరీక్ష. ఆయన మాట మొదటి నుంచీ ఒకటే: "తొమ్మిది పెట్టి దున్నేటోడు ఏడుకు దిగితే పొద్దుగూకినా దుక్కి కాదురా." మాటతో ఆయన్ను ఒప్పించలేను.

పక్కపక్కన రెండు ఎకరాలు గుర్తు పెట్టాం. ట్యాంకు నోటిదాకా నింపి మొదలు, ఎకరం అయ్యాక మళ్లీ నోటిదాకా కొలత డబ్బాతో నింపడం. బండి రెండుసార్లూ ఒకే చదును చోట నిలబెట్టాలి, లేకపోతే డీజిల్ లెక్క తప్పుతుంది. రెండిటికీ లోతు 15.

తొమ్మిది నాగళ్లు, లో రెండో గేరు: ఎకరానికి 50 నిమిషాలు, 4.6 లీటర్లు.

ఏడు నాగళ్లు, లో మూడో గేరు: 38 నిమిషాలు, 3.6 లీటర్లు.

ఏడుతో 50 మీటర్లకు 38 సెకన్లు పట్టింది, గంటకు 4.7 కిలోమీటర్లు. తొమ్మిదికి వెడల్పు 2 మీటర్లు, ఏడుకు 1.75. వెడల్పులో పోగొట్టుకున్నదానికంటే వేగంలో ఎక్కువే వచ్చింది. మలుపుల దగ్గర కూడా ఇంజన్ కుంగకపోవడంతో క్లచ్ మీద కాలు పెట్టే పనే పడలేదు.

నాన్న రెండు ఎకరాల్లోనూ అడ్డంగా నడిచి కర్రతో లోతు పొడిచి చూశాడు. ఏడు దున్నిన వైపు ఆగి, ఇంకో రెండుచోట్ల పొడిచాడు. ఏమీ అనలేదు. సాయంత్రం షెడ్డులో ఆ రెండు నాగళ్లకు ఆయనే గ్రీజు పూసి గోడకు వేలాడదీశాడు.

మే 9

టైర్లలో నీళ్లు నింపి చూడమని మామ అన్నాడు. వాల్వు పైకి వచ్చేలా టైరు తిప్పి, వాల్వు మట్టం దాకా నింపితే ముప్పాతిక భాగం నిండుతుంది. ఒక్కో టైరుకు 170 లీటర్లు పట్టింది, రెండిటికీ 340 కిలోలు. జారుడు ఏడుతో 10.3కి, తొమ్మిదితో 17.9కి తగ్గింది.

అంకె బాగానే ఉంది, కానీ నేను నీళ్లు తీసేశాను. ఏడుతో 13.7 ముందే మంచి హద్దులో ఉంది. ఈ వయసు బండికి టైరు కొంచెం జారడం ఒక రకమైన రక్షణ. పట్టు పెంచితే ఆ భారమంతా క్లచ్, గేర్లు, వెనక యాక్సిల్ మీదికి పోతుంది. రేగడి మీద అదనంగా 340 కిలోలు తొక్కించడం కూడా నాకు ఇష్టం లేదు. రోజూ చెలకలో ట్రాలీతో, గట్టి నేలలో పనిచేసేవాళ్ల లెక్క వేరే ఉండొచ్చు.

మే 14

కల్టివేటర్‌ను ఎత్తి దించే లిఫ్ట్ దగ్గర రెండు లివర్లున్నాయి. మేము వాడేది ఒక్కటే, ఎత్తును పట్టి ఉంచేది. రెండోది లాగుడు బరువును పట్టి పనిచేసేది. నేల గట్టిగా తగిలినప్పుడు టాప్ లింక్ వెనకున్న పెద్ద స్ప్రింగు నొక్కుకుని, లిఫ్ట్ కల్టివేటర్‌ను తనంతట తానే కాస్త ఎత్తి, ఆ బరువును వెనక టైర్ల మీదికి తెస్తుంది. హ్యారీ ఫెర్గూసన్ కనిపెట్టిన పద్ధతి ఇదే. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌తో లోకమంతా పాకింది. ఆయన పేరు ఉన్న బండే మా దగ్గర ఉంది, ఆ లివరు మాత్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

స్ప్రింగు దగ్గర మట్టి గీకి, పిన్నులు తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టాను. చేను నడుమ నాపరాయి పైకి వచ్చిన చోట నేల చాలా గట్టిది. అక్కడ ఇవాళ కల్టివేటర్ రెండంగుళాలు లేచి, దాటాక మళ్లీ కూర్చుంది. చిన్నాన్న చెయ్యి లివరు మీద లేదు. వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వాడు.

జూన్ 10

మృగశిర కార్తె వచ్చింది, వానలు మొదలయ్యాయి. ఆరెకరాల లోతు దుక్కి ఏడు నాగళ్లతోనే పూర్తయింది. విత్తే ముందు కలుపు కోసం పైపైన 8, 10 సెంటీమీటర్లు తిప్పడానికి మాత్రం ఆ రెండు నాగళ్లూ మళ్లీ బిగించాను. ఆ లోతులో తొమ్మిది 575 కిలోలే అడుగుతాయని ఏప్రిల్‌లో కొలిచాం కదా. బండి హాయిగా లాగింది. చెలకలో ఎప్పుడూ తొమ్మిదే.

షెడ్డు గోడ మీద సుద్దతో రాసిపెట్టాను: రేగడి లోతు దుక్కి 7, లో మూడు, రేగడి పైదుక్కి 9, చెలక 9, గాలి 13. నేను ఊర్లో లేనప్పుడు నడిపేవాళ్లకు అది చాలు.

తూకం ఇంకా మా ఇంట్లోనే ఉంది. దుకాణం ఆయన ఆదివారం దాకా ఉంచుకోమన్నాడు. మామ శనివారం పొద్దున రెండు నాగళ్ల పెద్ద ప్లౌ తెస్తానన్నాడు, తన 50 హెచ్‌పీకి అది సరిపోతుందో లేదో చూడాలట. ఈసారి ముందు కట్టి లాగడానికి అంతకంటే పెద్ద బండి వెతకాలి.